మాట్రిజెల్ ఇన్వేజన్ చాంబర్ రివ్యూ: రొమ్ము క్యాన్సర్ కణం పొర దాటుతోందా, జెల్లే దాన్ని దాటిస్తోందా?

24 గుంటల ప్లేటులో వేలాడే చిన్న ప్లాస్టిక్ గిన్నె ఇది. అడుగున 8 మైక్రాన్ల రంధ్రాలున్న పలుచటి పొర, ఆ పొర మీద మాట్రిజెల్ (ఎలుక గడ్డ నుంచి తీసిన ప్రోటీన్ల జెల్) పూత. పైన రొమ్ము క్యాన్సర్ కణాలు వేస్తారు, కింద వాటిని రప్పించే ఎర పెడతారు. 22 గంటలయ్యాక పొర కిందివైపు ఎన్ని కణాలు చేరాయో లెక్కపెడతారు. 1962లో స్టీఫెన్ బాయ్‌డెన్ తెల్లరక్తకణాల నడక చూడటానికి చేసిన చాంబర్ దీనికి మూలం. 1987లో ఆడ్రియానా అల్బిని బృందం ఆ పొర మీద మాట్రిజెల్ పూసి, క్యాన్సర్ కణాల చొరబాటును కొలిచే పరీక్షగా దాన్ని మార్చింది.

కార్నింగ్ కంపెనీ ఈ సరుకును రెండు రకాలుగా అమ్ముతుంది. ముందే జెల్ పూసి ఎండబెట్టిన బయోకోట్ చాంబర్లు ఒకటి. జెల్ పూయని ఖాళీ గిన్నెలు (ఇన్‌సర్ట్‌లు), మాట్రిజెల్ సీసా విడివిడిగా కొని చేత్తో పూసుకోవడం రెండోది. ఇక్కడ రెండింటినీ తూచాం. రొమ్ము క్యాన్సర్ వ్యాప్తి వెనకున్న సిగ్నలింగ్ పాత్‌వేల (కణం లోపల సంకేతాలు సాగే దారుల) మీద పని మొదలుపెట్టే పీహెచ్‌డీ విద్యార్థులు, వాళ్ల ల్యాబులకు సరుకు తెప్పించేవాళ్లు ఇది చదువుతారని అనుకుని రాస్తున్నాం.

తీర్పు ముందే చెబుతాం. కణం బేస్‌మెంట్ మెంబ్రేన్ (కణజాలాన్ని చుట్టి ఉండే పలుచటి ప్రోటీన్ పొర) లాంటి పొరను చీల్చుకుని ఒక సంకేతం వైపు వెళ్లగలదా అన్న ప్రశ్నకు ఇది మంచి సాధనం, కొనదగిన సరుకు. అయితే ఈ జెల్‌ను ఉత్త గోడ అనుకుంటే మోసపోతాం. అది కణంతో మాట్లాడే గోడ. మీరు ఆపాలని చూస్తున్న పాత్‌వేనే అది తట్టి లేపవచ్చు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని కంట్రోళ్లు (పోలికకు వాడే నమూనాలు) పెట్టినవాళ్లకు ఇది నిజం చెబుతుంది, పెట్టనివాళ్లకు అందమైన బార్ గ్రాఫ్ ఇస్తుంది.

సీసాలో ఏముంది

మాట్రిజెల్ ఫ్యాక్టరీలో కొలతల ప్రకారం కలిపిన మిశ్రమం కాదు. ఎంగెల్‌బ్రెత్-హోమ్-స్వార్మ్ అనే సార్కోమా గడ్డను ఎలుకల్లో పెంచి, దాని నుంచి తీసిన ప్రోటీన్ల సారం. అందులో సుమారు 60 శాతం లామినిన్, 30 శాతం నాలుగో రకం కొల్లాజెన్, 8 శాతం ఎంటాక్టిన్. పెర్లెకాన్ అనే హెపరాన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్ కూడా ఉంటుంది. రొమ్ము నాళాల చుట్టూ ఉండే బేస్‌మెంట్ మెంబ్రేన్‌లో ఉండేవీ ప్రధానంగా ఇవే కాబట్టి పోలిక బాగానే కుదురుతుంది.

గడ్డ నుంచి వచ్చింది కాబట్టి గ్రోత్ ఫ్యాక్టర్లూ (కణాలకు పెరుగుదల, కదలిక సంకేతాలిచ్చే ప్రోటీన్లు) వెంట వస్తాయి. కంపెనీ పత్రాల్లో ఉండే సుమారు విలువల ప్రకారం మామూలు రకంలో మిల్లీలీటరుకు ఐజీఎఫ్-1 15.6 నానోగ్రాములు, టీజీఎఫ్-బీటా 2.3 నానోగ్రాములు. ‘గ్రోత్ ఫ్యాక్టర్ రెడ్యూస్డ్’ రకంలో ఐజీఎఫ్-1 5కు తగ్గుతుంది, టీజీఎఫ్-బీటా మాత్రం 1.7 దగ్గరే నిలుస్తుంది. అది మాత్రికకు (జెల్‌లోని ప్రోటీన్ల అల్లికకు) గట్టిగా అంటుకుని ఉంటుంది, శుద్ధి చేసినా పూర్తిగా వదలదు. ‘రెడ్యూస్డ్’ అన్న మాట చూసి ‘లేదు’ అని చదువుకోవడం దగ్గరే చాలా ప్రయోగాలు తప్పుతాయి.

రొమ్ము క్యాన్సర్ వ్యాప్తిలో టీజీఎఫ్-బీటాది రెండు నాలుకల పాత్ర. మామూలు ఎపిథీలియల్ (పొరలుగా అతుక్కుని ఉండే) కణంలో, గడ్డ తొలిదశలో అది విభజనను ఆపుతుంది. ముదిరిన దశలో అదే సంకేతం కణాన్ని కదిలించి పంపుతుంది. టీజీఎఫ్-బీటా రెండో రకం రిసెప్టర్‌కు (కణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కు) అతుక్కుంటే అది ఏఎల్‌కే5 అనే మొదటి రకం రిసెప్టర్‌ను లేపుతుంది. ఏఎల్‌కే5 స్మాడ్2, స్మాడ్3 అనే సంకేతం మోసే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అవి స్మాడ్4తో జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి స్నెయిల్, స్లగ్, జెబ్1 వంటి జీన్లను మేల్కొలుపుతాయి. దాంతో ఈ-క్యాడ్‌హెరిన్ తగ్గి కణాల మధ్య పట్టు వదులుతుంది, కదిలే కణాల్లో ఉండే వైమెంటిన్ పెరుగుతుంది. మీరు కొలవాలనుకునేది ఈ గొలుసునే అయితే, పూతలోనే ఆ గొలుసు మొదటి లింకు ఉందన్నమాట.

లామినిన్ కూడా ఊరుకోదు. కణం మీది ఆల్ఫా6-బీటా1, ఆల్ఫా6-బీటా4 ఇంటెగ్రిన్లను (మాత్రికను పట్టుకునే రిసెప్టర్లను) పట్టుకుని ఎఫ్‌ఏకే, సార్క్, పీఐ3-కైనేజ్ అనే ఎంజైముల దాకా సంకేతం పంపుతుంది. అందుకే పూత లేని ఖాళీ ఇన్‌సర్ట్‌లో వచ్చిన ఫలితం, పూత ఉన్నదాంట్లో వచ్చిన ఫలితం ఎదురెదురుగా నిలిస్తే కంగారు పడనక్కర్లేదు. రెండు చోట్లా కణం కాలి కింద నేల వేరు.

పూత: లెక్క, చల్లదనం

చేత్తో పూసుకునేవాళ్లకు మా సలహా పలుచటి పూత. మిల్లీలీటరుకు 200 నుంచి 300 మైక్రోగ్రాముల గాఢత, ఒక్కో ఇన్‌సర్ట్‌కు 100 మైక్రోలీటర్లు. కలిపే బఫర్: 0.01 మోలార్ ట్రిస్, పీహెచ్ 8.0, అందులో 0.7 శాతం ఉప్పు. స్టాక్ (సీసాలోని అసలు జెల్) గాఢత లాటు లాటుకూ (ఒక్కో తయారీ విడతకూ) మారుతుంది, మిల్లీలీటరుకు 8 నుంచి 12 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అందుకే ‘1:30 కలపండి’ అని రాసిపెట్టుకున్న పాత ప్రోటోకాల్ పనికిరాదు. ప్రతి లాటు పత్రంలో ఉన్న అంకెతో లెక్క మళ్లీ వేయాలి. స్టాక్ 9 మిల్లీగ్రాములనుకుందాం. 24 ఇన్‌సర్ట్‌లకు కొంచెం ఎక్కువగా 2.6 మిల్లీలీటర్లు కావాలి. 250 మైక్రోగ్రాముల గాఢతకు 72 మైక్రోలీటర్ల స్టాక్, మిగతాది బఫర్. 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి, పైన మిగిలిన ద్రవాన్ని పొర తాకకుండా పక్కనుంచి తీసేయాలి.

ఈ లెక్కలోనే డబ్బు సంగతి కూడా ఉంది. ఒక్కో ఇన్‌సర్ట్‌కు పట్టేది 25 మైక్రోగ్రాములు. అదే గాఢతగల 5 మిల్లీలీటర్ల సీసాలో 45 మిల్లీగ్రాములు ఉంటాయి. కాగితం మీద 1,800 ఇన్‌సర్ట్‌లకు సరిపోతుంది. వృథా పోగా సగమే వచ్చినా ఒక విద్యార్థి పరిశోధన కాలమంతా గడుస్తుంది. ఖర్చంతా ఇన్‌సర్ట్‌లదే, జెల్‌ది కాదు. జెల్ ఖరీదైనదని పాత సీసానే సాగదీయడం తప్పుడు పొదుపు.

కొందరు 1:3 నిష్పత్తిలో మందంగా పూస్తారు. అప్పుడు 50 మైక్రోలీటర్లలోనే సుమారు 150 మైక్రోగ్రాములు పడతాయి, మా సలహాకు ఆరు రెట్లు. కణాలు దాటడానికి 36 నుంచి 48 గంటలు పడుతుంది. ఆలోపు ఎండీఏ-ఎంబీ-231 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు ఒకసారి విభజన చెందుతాయి. కిందివైపు కనిపించినవి దాటి వచ్చినవా, దాటాక పుట్టినవా తేలదు. పైగా ఆ మందంలో టీజీఎఫ్-బీటా మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల పైచిలుకు ఉంటుంది. చురుకుగా ఉన్నంత మేర అది స్మాడ్2ను లేపడానికి చాలు. పలుచటి పూతలో అది 0.05 దగ్గర ఆగుతుంది. పలుచగా పూయమనడానికి మా అసలు కారణం ఇదే.

ఇక చల్లదనం. మాట్రిజెల్ 10 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలెడుతుంది, 22 నుంచి 35 డిగ్రీల మధ్య త్వరగా గడ్డకడుతుంది. సీసాను మైనస్ 20 నుంచి తీసి, ఐసులో పెట్టి, ఆ ఐసు డబ్బాతో సహా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి కరిగించాలి. చేతుల్లో తిప్పి కరిగించకూడదు. పిపెట్ టిప్పులు, ట్యూబులు, బఫర్ కూడా ముందే చల్లబడాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో మే నెలలో బెంచి మీద పెట్టిన టిప్పుల డబ్బా జెల్‌ను టిప్పులోనే గట్టిపరుస్తుంది. అప్పుడు పిపెట్ 72 అని చూపిస్తున్నా ట్యూబులో పడేది 50 కావచ్చు. టిప్పు లోపలి గోడకు పలుచటి పాకంలాంటి పొర మిగిలిందంటే ఆ పూత కొలత తప్పినట్టే. పారేసి మళ్లీ మొదలెట్టాలి.

మంచు దానంతట అదే కరిగే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్ ఈ సరుకుకు పగ. అది రోజూ కొంచెం వేడెక్కి మళ్లీ చల్లబడుతుంటుంది. కరెంటు పోయి వచ్చే చోట కూడా అదే ప్రమాదం. మొదటిసారి కరిగించిన రోజే 80 నుంచి 100 మైక్రోలీటర్ల చొప్పున పంచి, ఒక్కో ట్యూబూ ఒక్కసారికే వాడాలి.

ముందే పూసిన చాంబర్లతో ఈ బాధలేవీ ఉండవు. మైనస్ 20 నుంచి తీసి గది వేడికి రానిచ్చి, లోపలా బయటా 0.5 మిల్లీలీటర్ల గోరువెచ్చని మీడియం పోసి, 37 డిగ్రీల దగ్గర 2 గంటలు నాననివ్వాలి. ఈ రెండు గంటలను ముప్పావుగంటకు కుదించేవాళ్లున్నారు. అలా చేస్తే ఎండిన జెల్ అక్కడక్కడా పగిలి ఉంటుంది, కణాలు ఆ పగుళ్లలోంచి జారిపోతాయి. మైక్రోస్కోప్ కింద కణాలు గీతలు గీసినట్టు వరసల్లో కనిపిస్తే కారణం ఇదే. పాత్‌వే కాదు.

రెండు డిజైన్లలో ద్రవాల కొలతలు వేరు. చాలామంది ఇది పట్టించుకోరు. బయోకోట్ చాంబర్లో పైన 0.5, కింద 0.75 మిల్లీలీటర్లు. 6.5 మిల్లీమీటర్ల ట్రాన్స్‌వెల్ అనే ఖాళీ ఇన్‌సర్ట్‌లో పైన 0.1 నుంచి 0.2, కింద 0.6. ఒకదాని కొలత ఇంకోదాంట్లో పోస్తే లోపలి, బయటి మట్టాలు తేడాపడతాయి. ద్రవం బరువే కణాలను కిందికి నెడుతుంది, లేదా ఎర పైకి ఎక్కుతుంది.

కణాలు

ఈ పరీక్షకు అందరూ ఎంచుకునేది ఎండీఏ-ఎంబీ-231. ట్రిపుల్ నెగటివ్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ రిసెప్టర్లు లేవు, హెర్2 ఎక్కువగా లేదు), బాగా దాటుతుంది, లెక్కకు సరిపడా కణాలు వస్తాయి. పోలికకు ఎంసీఎఫ్-7 పెడతారు. అది ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్నది, అరుదుగా దాటుతుంది. అయితే ఒక సంగతి. ఎండీఏ-ఎంబీ-231లో కేరాస్, బీరాఫ్ జీన్లు రెండింటిలోనూ మ్యుటేషన్లు ఉన్నాయి, ఈఆర్‌కే అనే పెరుగుదల సంకేతాల దారి ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. పైగా అవి అప్పటికే మెసెంకైమల్ (విడివిడిగా కదిలే) రూపంలో ఉన్నాయి, ఈ-క్యాడ్‌హెరిన్ తక్కువ, వైమెంటిన్ ఎక్కువ. ‘టీజీఎఫ్-బీటా వల్ల ఈఎంటీ (ఎపిథీలియల్ కణం మెసెంకైమల్‌గా మారడం) జరిగి చొరబాటు పెరిగింది’ అని చూపాలంటే ఈ కణం సరికాదు, జరగాల్సింది చాలావరకు జరిగిపోయింది. ఆ ప్రశ్నకు ఎంసీఎఫ్-10ఏ అనే క్యాన్సర్ కాని రొమ్ము కణం మేలు. కానీ దాని మీడియంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్, 10 మైక్రోగ్రాముల ఇన్సులిన్ ఉంటాయి. పరీక్ష రోజున వాటిని పై గదిలోంచి తగ్గించకపోతే ఎరకు అర్థం ఉండదు.

ఎండీఏ-ఎంబీ-468 అనే ఇంకో రొమ్ము క్యాన్సర్ కణాన్ని కంట్రోల్‌గా పెట్టుకోవాలని గట్టిగా చెబుతాం. ఆ కణంలో స్మాడ్4 జీన్ పూర్తిగా పోయింది. అందులో కూడా టీజీఎఫ్-బీటా చొరబాటును పెంచితే, ఆ సంకేతం స్మాడ్ దారిలో కాక పీఐ3-కైనేజ్, ఈఆర్‌కే, రో వంటి పక్కదారుల్లో పోతోందని అనుకోవచ్చు. ఇంత పెద్ద జవాబు ఒక్క కణం రకంతో వస్తుంది. దీన్ని వాడుకోకపోవడం దురదృష్టం.

కణాలను పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) నుంచి గానీ, ఇంకే రిపాజిటరీ నుంచి గానీ తెచ్చుకోండి. పక్క ల్యాబు నుంచి ఫ్లాస్క్ అడిగి తెచ్చుకుంటే ఎస్‌టీఆర్ (కణం ఏదో తేల్చే డీఎన్ఏ) పరీక్ష చేయించండి. దశాబ్దాల పాటు రొమ్ము క్యాన్సర్‌దని వాడిన ఎండీఏ-ఎంబీ-435, చివరికి ఎం14 అనే మెలనోమా కణమని తేలింది. మైకోప్లాస్మా (కణాల్లో కనిపించకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్ష కూడా తప్పనిసరి.

వేసే రోజుకు ప్లేటులో కణాలు 70 నుంచి 80 శాతం నిండి ఉండాలి. పూర్తిగా నిండనిస్తే మందకొడిగా ఉంటాయి. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పెట్టి లేపాక, సీరమ్‌తో దాన్ని ఆపి, తర్వాత ఆ సీరమ్‌ను రెండుసార్లు కడిగేయాలి. మిగిలిన ట్రిప్సిన్ జెల్‌ను తింటుంది, మిగిలిన సీరమ్ పై గదిలోనే ఎర అవుతుంది. రెండూ తప్పే, రెండూ వ్యతిరేక దిశల్లో లాగుతాయి. ఒక చాంబర్‌కు 25 వేల కణాలు చాలు. లక్ష వేస్తే ఎక్కువ దాటుతాయనుకోవద్దు. ఒకదాని మీద ఒకటి కూర్చుని, గుంపుగా జెల్‌ను కరిగిస్తాయి. అప్పుడు ఒక్కో కణం సత్తా తెలియదు.

ఎర, నిరోధకాలు

కింది గదిలో 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరమ్) పెట్టడం వాడుక. చొరబాటు ఉందో లేదో చూడటానికి అది చాలు. పాత్‌వే తేల్చడానికి చాలదు. సీరమ్‌లో దాగిన రూపంలో టీజీఎఫ్-బీటా ఉంటుంది, లైసోఫాస్ఫాటిడిక్ యాసిడ్ ఉంటుంది, ఇంకెన్నో ఉంటాయి. దేన్ని ఆపితే దేనివల్ల తగ్గిందో చెప్పలేం.

సీఎక్స్‌సీఎల్12 (కణాన్ని పిలిచే ప్రోటీన్), సీఎక్స్‌సీఆర్4 (దాన్ని అందుకునే రిసెప్టర్) జత ఈ చాంబర్‌కు సరిగ్గా తగినది. రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 ఎక్కువగా ఉంటుందనీ, దాన్ని పిలిచే సీఎక్స్‌సీఎల్12 లింఫ్ గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముక మజ్జల్లో దండిగా ఉంటుందనీ 2001లో వచ్చిన పరిశోధన చూపింది. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా పాకేదీ ఆ అవయవాలకే. చాంబర్‌లో దీన్ని చూడాలంటే కింద సీరమ్ లేని మీడియంలో మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల సీఎక్స్‌సీఎల్12 పెట్టి, తోడుగా 0.1 శాతం ఆల్బుమిన్ వేయాలి. ఆల్బుమిన్ లేకపోతే అది ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. సీరమ్ ఉంటే అందులోని డీపీపీ4 ఎంజైమ్ దాన్ని కొరికేస్తుంది. మోతాదు పెంచితే పిలుపు పెరుగుతుందనుకోవద్దు. ఒక హద్దు దాటాక రిసెప్టర్లు లోపలికి ముడుచుకుని కణం స్పందించడం మానేస్తుంది. అందుకే 10, 50, 100, 300 నానోగ్రాములతో ముందు ఒక వక్రరేఖ గీయండి. అంతకంటే ముందు ఫ్లో సైటోమెట్రీతో కణం పైపొర మీద సీఎక్స్‌సీఆర్4 ఉందో లేదో చూడండి. చాలా స్టాకుల్లో అది కణం లోపలే ఉండిపోయి పైన కొంచెమే కనిపిస్తుంది. వెస్టర్న్ బ్లాట్‌లో (నమూనాలోని ప్రోటీన్‌ను గుర్తించే పరీక్షలో) గీత వచ్చినంత మాత్రాన రిసెప్టర్ పైన ఉన్నట్టు కాదు.

దీనితోపాటు ఒక ఇన్‌సర్ట్‌లో పైనా కిందా ఒకే మోతాదు సీఎక్స్‌సీఎల్12 పెట్టాలి. పైకీ కిందికీ గాఢతలో వాలు లేకపోయినా కణాలు అంతే దాటుతుంటే అది దిశ తెలిసిన నడక కాదు, ఊరికే కదలిక పెరగడం. ఈ ఒక్క కంట్రోల్ లేకుండా ‘కీమోటాక్సిస్’ అన్న మాట రాయకూడదు.

నిరోధకాల మోతాదులు సుమారుగా ఇలా పెట్టుకోవచ్చు: ఏఎల్‌కే5కు ఎస్‌బీ-431542 10 మైక్రోమోలార్, సీఎక్స్‌సీఆర్4కు ఏఎండీ3100 మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము, మాత్రికను కోసే ఎంఎంపీ ఎంజైములకు జీఎం6001 10 మైక్రోమోలార్, కణాన్ని కుంచింపజేసే రాక్ కైనేజ్‌కు వై-27632 10 మైక్రోమోలార్. కణాలను అరగంట ముందే వాటిలో నానబెట్టి, పరీక్షలో రెండు గదుల్లోనూ వేయాలి. పైన మాత్రమే వేస్తే మందు కిందికి ఇంకి పలుచబడుతుంది. మందులను కరిగించే డీఎంఎస్‌ఓ అన్ని గుంటల్లోనూ సమానంగా, 0.1 శాతం దాటకుండా ఉండాలి. పీఐ3-కైనేజ్‌కు పాత ఎల్‌వై294002 వాడకండి. అది ఎంటార్, సీకే2 అనే వేరే కైనేజ్‌లను కూడా పట్టుకుంటుంది. ఆల్ఫా రూపాన్ని ఎంచి పట్టే ఆల్పెలిసిబ్ దొరుకుతుంది.

జీఎం6001, వై-27632 రెండింటినీ జతగా పెట్టి చూడటం ఈ చాంబర్ ఇచ్చే అత్యంత విలువైన పాఠం. ఎంఎంపీలను ఆపినా కొన్ని కణాలు ఆగవు. గుండ్రంగా మారి, రో-రాక్ బలంతో ఒళ్లు నొక్కుకుని, అమీబాలాగా సందుల్లోంచి దూరిపోతాయి. మారిమాస్టాట్ అనే ఎంఎంపీ నిరోధకం వ్యాధి పాకిన రొమ్ము క్యాన్సర్ రోగుల మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో ఉపయోగం చూపలేదని 2004లో ప్రచురించారు. ఆ వైఫల్యానికి కారణాలు అనేకం. కానీ కణానికి ఒక దారి మూస్తే ఇంకో దారి ఉందన్న సంగతి ఈ చిన్న గిన్నెలోనే కళ్లకు కనిపిస్తుంది.

టీజీఎఫ్-బీటా ప్రయోగంలో సమయం ముఖ్యం. స్మాడ్2 ఫాస్ఫేట్ గంటలోపే కనిపిస్తుంది, ఈఎంటీకి మాత్రం 48 నుంచి 72 గంటలు కావాలి. కాబట్టి మిల్లీలీటరుకు 5 నానోగ్రాములతో ముందు ప్లేటులో మూడు రోజులు పెంచి, ఆ తర్వాత చాంబర్‌లో వేయాలి. ఎంసీఎఫ్-10ఏ వంటి కణాల్లో ఈ మూడు రోజుల్లో విభజన ఆగి సంఖ్య తగ్గుతుంది. అందుకే ట్రిపాన్ బ్లూ రంగుతో బతికున్నవే లెక్కపెట్టి సమానంగా వేయాలి. అదే ప్లేటు నుంచి కొంత భాగం ప్రోటీన్ తీసి ఫాస్ఫో-స్మాడ్2 చూడండి. పాత్‌వే ఆగిందని బ్లాట్ చెప్పకుండా, ఆగినందువల్ల చొరబాటు తగ్గిందని చాంబర్ చెప్పలేదు.

లెక్క దగ్గర జరిగే తప్పులు

పై వైపు కణాలను తడి దూది పుల్లతో తుడవాలి. ఒకసారి కాదు, కొత్త పుల్లతో రెండోసారి కూడా. అంచుల వెంట పుల్లను తిప్పి తుడవకపోతే అక్కడ మిగిలినవన్నీ దాటినట్టు లెక్కకు వస్తాయి. మరీ నొక్కితే పొర సాగి కిందివైపు కణాలు రాలతాయి. తర్వాత మిథనాల్‌లో 10 నిమిషాలు, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్‌లో 20 నిమిషాలు, నీళ్లలో కడుగు. కింది పొరకు గాలిబుడగ పట్టిన చోట గుండ్రటి ఖాళీ మచ్చ కనిపిస్తుంది. అది మందు పనితనం కాదు. ఇన్‌సర్ట్‌ను ఏటవాలుగా దించితే బుడగ పట్టదు.

రంగును 10 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి 590 నానోమీటర్ల దగ్గర చదివే పద్ధతి త్వరగా అవుతుంది. కానీ జెల్ కూడా రంగు పీలుస్తుంది. కణాలు వేయని పూత ఇన్‌సర్ట్ ఒకటి పక్కన లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. మాకు కళ్లతో లెక్కపెట్టడం మీదే నమ్మకం: 200 రెట్లలో మధ్యన ఒకటి, చుట్టూ నాలుగు ఫీల్డులు. అంచుకు దగ్గరగా పోకూడదు, జెల్ అక్కడ గిన్నె గోడను ఎక్కి మందంగా ఉంటుంది.

నల్లటి పొర ఉన్న ఫ్లోరోబ్లాక్ ఇన్‌సర్ట్‌లు తుడిచే పని తప్పిస్తాయి. పై కణాల వెలుగు కిందికి రాదు, ప్లేట్ రీడర్ కిందినుంచి చదువుతుంది. నమూనాలు చాలా ఉంటే ఇవే మేలు. ఒక జాగ్రత్త ఉంది. వీటితో వాడే కాల్సీన్-ఏఎం రంగును పీ-గ్లైకోప్రోటీన్ పంపు బయటికి తోడేస్తుంది. కీమోకు లొంగని కణాల్లో ఈ పంపు ఎక్కువ. అవి దాటినా వెలగవు.

అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క నిష్పత్తి. పూత ఉన్న ఇన్‌సర్ట్‌లో దాటిన సంఖ్యను, పూత లేని ఇన్‌సర్ట్‌లో దాటిన సంఖ్యతో భాగించి వందతో గుణించాలి. ఉదాహరణకు మందు లేకుండా పూత లేనిదాంట్లో 200, ఉన్నదాంట్లో 60 అయితే చొరబాటు 30 శాతం. మందు వేశాక 100, 30 వచ్చాయనుకోండి. ఇప్పుడూ 30 శాతమే. 60 నుంచి 30కి పడిందని సగం చొరబాటు ఆగిందని రాస్తే తప్పు. మందు తగ్గించింది కణం నడకను, పొర చీల్చే శక్తిని కాదు. ఈ రెండు పాత్‌వేలు వేరు, వాటికి వాడే మందులూ వేరు. పూత లేని ఇన్‌సర్ట్‌లు కొనకుండా డబ్బు మిగిల్చినవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. అలాగే ఒకే రోజు, ఒకే ఫ్లాస్క్ నుంచి వేసిన మూడు గుంటలు మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్ (కొత్త ప్లేటుకు మార్చి పెంచిన విడత) కణాలతో మూడుసార్లు చేస్తేనే గణాంకం.

ఇది చెప్పనిది

కణం పొర దాటడం వ్యాప్తిలో మొదటి మెట్టు మాత్రమే. రక్తనాళంలోకి దూరడం, రక్తపు ఒరవడిలో బతకడం, ఇంకో అవయవంలో దిగడం, అక్కడ పెరగడం ఈ గిన్నెలో లేవు. చివరిదే అన్నిటికన్నా కష్టమైన మెట్టు. ఎముకలో దిగిన కణం పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రోటీన్ విడుదల చేసి, ర్యాంక్‌ఎల్ అనే సంకేతం ద్వారా ఆస్టియోక్లాస్ట్‌లను (ఎముకను కరిగించే కణాలను) ఎముక మీదికి ఉసిగొలిపి, ఎముకలోంచి ఊడిన టీజీఎఫ్-బీటాను తానే తిని పెరిగే వలయం ఉంది. అది ఇక్కడ ఎంత వెతికినా కనిపించదు. రొమ్ము గడ్డ చుట్టూ పేరుకునే మొదటి రకం కొల్లాజెన్ కూడా మాట్రిజెల్‌లో లేదు. స్ట్రోమాలో (గడ్డ చుట్టూ ఉండే కణజాలంలో) నడక చూడాలంటే ఎలుక తోక కొల్లాజెన్‌తో మిల్లీలీటరుకు 1.5 నుంచి 2 మిల్లీగ్రాముల జెల్ వేరుగా వేయాలి. ఫలితాన్ని ‘మెటాస్టాసిస్ తగ్గింది’ అని రాయకండి, ‘మాట్రిజెల్ గుండా చొరబాటు తగ్గింది’ అని రాయండి.

రోగులు, వాళ్ల ఇంటివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఇది ల్యాబు సరుకు, రోగికి చేసే పరీక్ష కాదు. చికిత్స నిర్ణయానికి కావలసినవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ రిసెప్టర్లు, హెర్2 పరీక్షలు, మీ ఆంకాలజిస్ట్ అడిగే మిగతావి.

ఏది కొనాలి

మొదటిసారి నేర్చుకునేవాళ్లు, ఏడాదికి ఒకటి రెండు ప్లేట్లకు మించి చేయనివాళ్లు ముందే పూసిన, గ్రోత్ ఫ్యాక్టర్ తగ్గించిన చాంబర్లు తీసుకోండి, వాటికి జతగా పూత లేని కంట్రోల్ ఇన్‌సర్ట్‌లూ అంతే సంఖ్యలో. ఖరీదు ఎక్కువే, కానీ పూత తేడాల వల్ల పోయే నెలలు మిగులుతాయి. పాత్‌వే పని ఏళ్ల తరబడి చేసే ల్యాబులకు ఖాళీ ఇన్‌సర్ట్‌లు, గ్రోత్ ఫ్యాక్టర్ తగ్గించిన సీసా మేలు. ఎంసీఎఫ్-7 వాడుతుంటే ఫినాల్ రెడ్ లేనిదే అడగండి, ఆ రంగుకు కొంచెం ఈస్ట్రోజెన్ గుణం ఉంది. పొర విషయంలో పాలీకార్బనేట్ కన్నా పీఈటీ ప్లాస్టిక్ మంచిది. పారదర్శకంగా ఉంటుంది, కణాలు బతికుండగానే మైక్రోస్కోప్ కింద చూడొచ్చు.

ఆర్డరు పెట్టేటప్పుడు ఒకే లాటు సీసాలు ఎన్ని ఇవ్వగలరో ముందే అడగండి. మూడేళ్ల పనికి మూడు లాటులు వస్తే మూడు వేర్వేరు గోడల మీద పని చేసినట్టే. కొత్త లాటు తప్పనిసరైతే, పాత లాటు అయిపోకముందే రెండింటినీ ఒకే రోజు, ఒకే ఫ్లాస్క్ ఎండీఏ-ఎంబీ-231 కణాలతో పక్కపక్కన వేయండి. అంకెలు ఎంత జరిగాయో, ఏ లాటు నంబరుతో జరిగాయో నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ పైనే రాసుకోండి.